మంచం కింద బొండాం

నర్సులు దేవతలని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అన్నవాళ్ళలో ఎంతమంది తమ కూతుర్ని నర్సింగుకి పంపుతారో అడిగి చూడండి. మా నాన్న పంపాడు, కానీ ఎవరికీ చెప్పలేదు. రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో ఎవరడిగినా "పెద్దమ్మాయి రాజమండ్రిలో చదువుకుంటోందండి" అనేవాడు. ఏం చదువని అవతలివాళ్ళు అడిగేలోపు వరిచేలో తెగులు గురించి మొదలుపెట్టేవాడు. సెలవులకి ఇంటికెళ్తే మా అమ్మ నా తెల్ల యూనిఫారం చీర దండెం మీద ఆరేసి, దాని మీద తన చీర కప్పేది. గంజి మాత్రం బ్రహ్మాండంగా పెట్టేది. చీర కింద ఆ బట్ట ఎప్పుడూ సరిగ్గా ఆరేది కాదు. చెమ్మ వాసనతోనే మడతపెట్టుకుని హాస్టలుకి తెచ్చుకునేదాన్ని.

తొంభైల చివరి సంగతిది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, డాక్టరు సీటు రాక, నర్సింగు స్కూల్లో చేరాను. స్కూలు ఒక ఆస్పత్రికి అనుబంధంగా ఉండేది. దాని పేరు ఇప్పుడు అనవసరం. చేరిన మొదటి ఆరు నెలలూ ప్రొబేషన్. అది అయ్యాక టోపీలు పెట్టే కార్యక్రమం ఉంటుంది. దీపాలు వెలిగించి, ప్రమాణం చేయించి, తల మీద తెల్లటోపీ పెట్టి పిన్నులు గుచ్చుతారు. పనికిరారనుకున్న వాళ్ళకి టోపీ ఉండదు, పెట్టె సర్దుకుని ఇంటికే. మా బ్యాచిలో ఇంటికెళ్ళే మొదటి పిల్ల నేనేనని వంటమనిషికి కూడా తెలుసు.

కారణం ఇంగ్లీషు. రోజూ పొద్దున్న డ్యూటీ మారేటప్పుడు ట్యూటరు మేడమ్, వార్డు సిస్టరు, డ్యూటీ దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు అందరూ గుంపుగా మంచం మంచం దగ్గరా ఆగేవారు. ఆ మంచం చూసుకుంటున్న స్టూడెంటు చేతులు వెనక్కి కట్టుకుని రిపోర్టు చెప్పాలి. పేషెంటు పేరు, వయసు, జబ్బు, జ్వరం ఎంత, నాడి ఎంత, ఏం తాగింది, ఎంత మూత్రం పోసింది, అన్నీ ఇంగ్లీషులోనే. పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పాలి. మంచం మీది మనిషి మా నోళ్ళకేసి బిక్కుబిక్కుమంటూ చూస్తూ పడుకునేది. తన గురించే అని తెలుసు, ఏమిటో తెలీదు.

నేను ముందురోజే రిపోర్టంతా తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేదాన్ని. తేడాగా ఉంటే అంకెలు మాత్రం మార్చేదాన్ని. ఒకరోజు నేనొచ్చేసరికి మంచాలు మార్చేశారు. ఎవరూ చెప్పలేదు, నేనూ తలెత్తి చూడలేదు. కామెర్లతో ఉన్న అరవై ఏళ్ళావిడ రిపోర్టు, టైఫాయిడ్‌తో పడుకున్న పదహారేళ్ళ పిల్ల ముందు నిలబడి పొల్లు పోకుండా అప్పజెప్పాను. వార్డంతా నవ్వింది. ఆ పిల్లకి ఏమీ అర్థం కాకపోయినా అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది. మేడమ్ ఒక్కావిడే నవ్వలేదు.

మేడమ్‌ది కేరళ. ఆవిడ తెలుగు ముక్కలుముక్కలుగా ఉండేది గానీ గురి తప్పేది కాదు. "నువ్వు ముందు మనిషిని చూడాలి. తర్వాత నోరు తెరవాలి," అంది. "రేపటి నుంచి నీకు ఒకటే పేషెంటు. ఆ పేషెంటు సంగతి నీకు మొత్తం తెలియాలి. టోపీ విషయం దాని బట్టి చూస్తాను."

అలా నాకు మామ్మ దక్కింది.

ఆవిడది గోదావరి మధ్యలో ఒక లంక. అరటి, కొబ్బరి, కాయగూరల తోట. పడవెక్కి గట్టుకి వస్తే తప్ప ఆస్పత్రి మొహం చూడని మనిషి. కాళ్ళు, మొహం ఉబ్బిపోయి వచ్చింది. మూత్రపిండాలు రెండూ దాదాపు చేతులెత్తేశాయి. లోపలికెళ్ళిన నీళ్ళు బయటికి రావు, ఊపిరితిత్తుల్లో చేరతాయి. అందుకని రోజు మొత్తానికి అర లీటరు నీళ్ళే ఇవ్వాలన్నారు. మందు మింగే గుక్క కూడా అందులోనే. గీతలున్న గ్లాసుతో కొలవడం, చార్టులో ఎక్కించడం, మూత్రం పోస్తే అదీ కొలవడం నా పని.

ఎండలు మొదలైన రోజులు. వార్డు వరండాలోంచి చూస్తే గోదావరి కనిపించేది. పుట్టినప్పటి నుంచీ రెండుపక్కలా నీళ్ళ మధ్య బతికిన మనిషి, ఆ నీళ్ళకేసి చూస్తూ నన్ను గుక్కెడు నీళ్ళు అడుక్కునేది.

"ఒక్క గుక్కమ్మాయ్. నోరు తడుపుకుని ఊసేత్తాను."

"ఇందాకే ఇచ్చాను కదా మామ్మా."

"అది నాలిక్కే సాల్లేదు. నువ్వు కడుపునిండా అన్నం తినొచ్చావా? నీళ్ళు తాగొచ్చావా?"

నేను నిజంగానే తాగొచ్చేదాన్ని. అందుకే ఆవిడ ముందు నీళ్ళు తాగడం మానేశాను. తడిబట్టతో పెదాలు తుడిచేదాన్ని. ఆ బట్టని పళ్ళతో పట్టుకుని పీల్చేది. నేను లాక్కోవాలి. ఇష్టంలేని పనులు ఆస్పత్రిలో చాలా చేశాను. దొడ్డికి పెట్టే పళ్ళేలు కడిగాను, పుళ్ళు తుడిచాను. వాటన్నిటికీ అలవాటుపడ్డాను. ముసలావిడ నోట్లోంచి తడిబట్ట లాక్కోవడానికి మాత్రం అలవాటుపడలేదు.

పొద్దున్నే రిపోర్టయి గుంపు పక్క మంచానికి జరగ్గానే మామ్మ నా కొంగు పట్టుకునేది. "ఏవన్నారమ్మాయ్?" అని అడిగేది. నేను చెప్పిందే నన్నడగడం! మొదటిరోజు "బాగానే ఉందన్నారు" అని తప్పించుకోబోయాను. "అంతసేపు సెప్పింది అంతేనా? నేను సదూకోలేదు గానీ తింగరిదాన్నేం కాదు," అంది. ఇక అప్పటినుంచి నేను చెప్పిన ప్రతి ఇంగ్లీషు మాటా ఆవిడకి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. అక్కడే నా గుట్టు బయటపడింది. చెబుదామని నోరు తెరిస్తే, నేను గడగడా అప్పజెప్పిన మాటల్లో సగానికి నాకే అర్థం తెలీదు. అంటే ఇంగ్లీషు రాకపోవడం కాదు, విషయమే రాదు. దాంతో మధ్యాహ్నాలు లైబ్రరీలో కూచుని మూత్రపిండం బొమ్మ చూస్తూ, రేపు మామ్మకి దీన్నెలా చెప్పాలా అని తల బద్దలు కొట్టుకునేదాన్ని. చివరికి చేలో నీరు తీసే తూము పూడుకుపోతే చేనేమవుతుందో అలా చెప్పాను. వెంటనే పట్టేసింది. "మరి తూము బాగుసేత్తారా?" అంది. "చూస్తున్నారు మామ్మా," అన్నాను. అది అప్పటికి నిజమే.

ఆవిడ కొడుకు రోజూ పడవలో గట్టుకొచ్చి, బస్సెక్కి వచ్చేవాడు. నలభై దాటిన మనిషి, మాటకి ముందు అండీ, మాటకి వెనక అండీ. నన్ను "సిస్టర్ గారండి" అనేవాడు. స్కూల్లో ఎవరూ నన్నింకా సిస్టరని పిలవని రోజులవి. లోపల పొంగిపోయేదాన్ని, పైకి మాత్రం గంభీరంగా తలూపేదాన్ని.

ఆ వారమే మా నాన్న చూడ్డానికొచ్చాడు. హాస్టలు గేటు దగ్గర సంచీ నా చేతికిచ్చి, నా మొహం చూశాడు. చిక్కిపోయానని చెప్పలేదు. "నచ్చకపోతే వచ్చెయ్యమ్మా. ఇదీ అని మనూళ్ళో ఎవరికీ తెలీదు కదా. డిగ్రీలో చేరుదువు గాని," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఆయన దాచింది సిగ్గుపడే అనుకున్నాను. అంతేకాక, నేను ఓడిపోయి వస్తే నలుగురి నోళ్ళలో పడకుండా వెనక్కి దారి కూడా ఉంచాడు. ఆ దారి ఉందని తెలిశాక ఇక్కడ నిలబడడం ఇంకా కష్టమైంది. టోపీ పెట్టే రోజు దగ్గర పడుతోంది. ఉండాలా పోవాలా అని మేడమ్ తేల్చేలోపు నేనే తేల్చుకోవచ్చు. పెట్టె మంచం కిందే ఉంది.

సంచీలో బొండాలున్నాయి, మా చెట్లవి. మా వైపు ఎవరినైనా చూడ్డానికెళ్తే చేతిలో ఉండేవి అవే. ఆస్పత్రికైతే మరీను.

రెండ్రోజులాగి పొద్దున్న, మామ్మ నాడి చూస్తే బాగా నెమ్మదిగా ఉంది. మళ్ళీ చూశాను. అంతే ఉంది. చేతులెత్తమంటే బద్ధకంగా ఎత్తి వదిలేసింది. "కాళ్ళల్లో సత్తువ లేదమ్మాయ్," అంది. అప్పటికే గుంపు వచ్చేసింది. చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టాను. పేరు, వయసు, జబ్బు. నాడి అంకె చెప్తూ ఒకడుగు ముందుకేస్తే, కాలికి ఏదో తగిలి మంచం కింద దొర్లింది. వంగి చూశాను. కత్తితో పైన చెక్కిన బొండాం. దాని వెనక ఇంకోటి. రెండూ ఖాళీవే.

ముందురోజు పథ్యాల క్లాసులో మేడమ్ చెప్పింది నోటికొచ్చి ఉంది. మూత్రపిండాలు పాడైన వాళ్ళకి పొటాషియం ఎక్కువున్నవి పెట్టకూడదు. లోపల పేరుకుపోయి గుండెని ఆపేస్తుంది. అరటిపండు, నారింజ, లేత కొబ్బరినీళ్ళు. ఇంగ్లీషులో ఆ వరస పాటలా బట్టీ పట్టాను. కొబ్బరినీళ్ళంటే మా నాన్న సంచీలో తెచ్చిన బొండామేనని, ఈ మంచం కింద దొర్లేదేనని, కాలికి తగిలేదాకా నా బుర్రకెక్కలేదు.

రిపోర్టు ఆపేశాను. మంచం అవతల నిలబడ్డ కొడుకువైపు తిరిగి, వార్డంతా వినిపించేలా తెలుగులో అరిచాను. "ఈ బొండాలు ఎవరిచ్చారు? మీరేనా? ఎన్నిచ్చారు? మీ అమ్మగారిని చంపేస్తున్నారు, తెలుసా?"

ఆయన మొహం పాలిపోయింది. "నీళ్ళివ్వొద్దన్నారు కదండీ," అన్నాడు. "నీళ్ళు సుక్క కూడా ఇవ్వలేదండి. బొండావే పట్టానండి. దాహానికి ఏడుత్తుంటే."

మేడమ్ ఒక్క క్షణం నాకేసి, బొండాంకేసి చూసి, డాక్టరు కోసం మనిషిని పరిగెత్తించింది. ఆ తర్వాత గంట ఎలా గడిచిందో నాకు ముక్కలుగానే గుర్తుంది. ఛాతీకి వైర్లు, నరానికి ఇంజెక్షను, మళ్ళీ ఇంకో ఇంజెక్షను. నేను పక్కనే నిలబడి నాడి పట్టుకునే ఉన్నాను. మెల్లగా పుంజుకుంది. మామ్మ గండం గడిచింది.

డాక్టరు నా భుజం తట్టాడు. వార్డు సిస్టరు నవ్వింది. ముందు నన్ను చూసి నవ్విన పిల్లలే, టోపీ నీకు ఖాయమే అన్నారు. మామ్మ మాత్రం నాకేసి చూడలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. సాయంత్రం నీళ్ళ గ్లాసు పట్టుకెళ్తే, "నా కొడుకుని నలుగురిలో అంత మాటన్నావు," అంది గోడకేసే చూస్తూ. "ఆడు నన్ను సంపుతాడా?" ఇచ్చిన నీళ్ళు మాట్లాడకుండా తాగింది. మర్నాడు పొద్దున్న రిపోర్టయ్యాక కాసేపు అక్కడే నిలబడ్డాను. కొంగు పట్టుకోలేదు. ఏవన్నారని అడగలేదు.

కొడుకు వార్డులోకి రావడం మానేశాడు. రోజూ వచ్చేవాడు, గేటు బయట టీ బడ్డీ దగ్గర అరుగు మీద కూర్చుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు.

మేడమ్ నన్ను గదికి పిలిచింది. మెచ్చుకుంటుందనుకున్నాను. "నువ్వు కనిపెట్టింది కరెక్ట్," అంది. "కానీ ఇప్పుడు ఆ పేషెంటుకి ఎవరున్నారు? నీతో మాట్లాడదు. కొడుకు లోపలికి రాడు. బయటికి పంపింది నువ్వు. లోపలికి తేవాల్సిందీ నువ్వు. అది చెయ్యకపోతే నేను నీకు టోపీ పెట్టలేను."

నాకు అగ్గి రాజుకుంది. ప్రాణం కాపాడినందుకు ఇదా బహుమానం? ఇప్పటికీ ఆ రోజు అరవడం తప్పని నేననుకోను. అరవకపోతే ఎవరూ అంత త్వరగా కదిలేవారు కాదు. నా కోపమంతా వేరే. అన్ని రోజులు అంతమందిమి ఆ మంచం చుట్టూ నిలబడి ఆవిడ మూత్రపిండాల గురించి ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. పక్కనే నిలబడ్డ మనిషికి మాత్రం "నీళ్ళు తగ్గించండి" అని ఒక్క ముక్క విసిరాం. మా గోదావరి జిల్లాల్లో బొండాం నీళ్ళ లెక్కలోకి రాదు. జ్వరమొచ్చినా, వాంతులైనా, బాలింతకి నీరసమొచ్చినా పట్టేది అదే. అది మందు. ఆ సంగతి కేరళ నుంచొచ్చిన మేడమ్‌కి కూడా తెలియకుండా ఉండదు. ఎవరికీ తట్టలేదు. ఆ రోజు పెట్టె సగం సర్దాను కూడా. నాన్న చూపించిన దారినే పోదామనుకున్నాను. సర్దుతుంటే మామ్మ గోడకి తిప్పిన మొహమే కళ్ళ ముందు కదిలింది. నేనెళ్ళిపోతే ఆ మొహం అలాగే ఉండిపోతుంది. పెట్టె మూసి, మర్నాడు డ్యూటీ దిగాక గేటు బయటికి నడిచాను.

నన్ను చూసి ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. నా తండ్రి వయసు మనిషి, నన్ను చూసి భయపడి లేచాడు. నాకు సిగ్గేసింది.

"కూర్చోండి," అన్నాను.

"పర్లేదండి." నిలబడే ఉన్నాడు. "ఆ సెట్టు మా అమ్మ నాటిందేనండి. ఆ సెట్టు బొండావంటే అమ్మకి ఇష్టవండి. ఇన్నేళ్ళూ పిల్లలకే ఇచ్చేది, తను తాగేది కాదండి. ఇప్పుడైనా తాగుద్దని..."

క్షమించండి అనడం నాకు నోటికి రాదు. అనలేదు. బొండాంలో ఏముందో, అది ఆవిడ గుండెకెందుకు పడదో, నేను కూడా అరిచిన ముందురోజే నేర్చుకున్నానని, ఆ ముక్క ఆయనకి ఎవరూ చెప్పలేదని, అది ఆయన తప్పు కాదని, అంతా తెలుగులో చెప్పాను. తలొంచుకుని విన్నాడు. ఆఖర్న, "లోపలికి రండి. మీ అమ్మగారికి నీళ్ళు కొలిచిచ్చే పని ఇకనుంచి మీది," అన్నాను. వెంట తెచ్చిన గీతల గ్లాసు ఆయన చేతికిచ్చాను. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు గీతలకేసి చూసి, "ఏ గీత దాకా అండి?" అని అడిగాడు.

వచ్చాడు. గ్లాసు కంటికెదురుగా పెట్టి, గీత దాటకుండా పోసి, తల్లికి తాగించేవాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "యాభై ఇచ్చానండి, రాసుకోండి," అనేవాడు. మామ్మ కొడుకు చేతి నీళ్ళు మారు మాట్లాడకుండా తాగేది. నాతో మాత్రం మాట కలపలేదు.

టోపీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పెట్టారు. మేడమ్ నా తల మీద పిన్ను గుచ్చుతూ, నొప్పేసేలా గుచ్చింది. నాన్న వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాడు. ఫోటో తీయించుకున్నాం. ఆ ఫోటో చాలా ఏళ్ళు మా ఇంట్లో బీరువాలోనే ఉంది, గోడకెక్కలేదు. ఎవరికీ చెప్పకుండా వెనక్కొచ్చే దారి మాత్రం ఆ రోజుతో మూసుకుపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనుకోలేదు.

టోపీ పెట్టుకుని వార్డుకెళ్ళిన మర్నాటికే మామ్మ పరిస్థితి విషమించింది. రక్తం శుభ్రం చేసే మిషను అప్పట్లో మా దగ్గర లేదు. విశాఖపట్నం తీసుకెళ్ళాలి, వారం వారం తీసుకెళ్తూనే ఉండాలి. కొడుకు తల్లిని అడిగాడు. "నన్ను అంత దూరం ఈడ్వకురా," అందావిడ.

ఆ పొద్దున్న రౌండ్స్‌లో డాక్టరు చార్టు తిరగేసి, ఇంగ్లీషులో నాలుగు మాటలన్నాడు. ఇక చేసేదేం లేదు. బాధ లేకుండా చూడండి. తాగడం మీద కట్టడి తీసేయండి, అడిగింది ఇవ్వండి. మేడమ్ తలూపింది. గుంపు పక్క మంచానికి జరిగింది. నేను కదల్లేకపోయాను. ఆ నాలుగు మాటలూ నాకు బట్టీ అక్కర్లేకుండానే అర్థమయ్యాయి.

కొంగు లాగినట్టయింది. చూస్తే మామ్మ చెయ్యి.

"ఏవన్నారమ్మాయ్?"

గుంపులోంచి మేడమ్ వెనక్కి తిరిగి చూసింది. పేషెంటుకి ఇలాంటివి స్టూడెంటు చెప్పకూడదు. డాక్టరే చెప్పాలి. ఆవిడ నన్ను ఆపుతుందేమోనని చూశాను. ఆపలేదు. నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను, ఆవిడ మొహానికి మొహం పెట్టి.

"నీళ్ళు తాగొచ్చన్నారు మామ్మా. ఎన్నైనా తాగొచ్చట. నీకేది కావాలంటే అది ఇవ్వమన్నారు."

మామ్మ నాకేసి చూసింది. ఆవిడ ఏడవలేదు.

"తూము బాగవదన్న మాట."

"అవదు మామ్మా."

"ఊఁ," అంది. "బొండాం కూడానా?"

"బొండాం కూడా."

కొడుకు అక్కడే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. గ్లాసు నా చేతిలో పెట్టి, కండువాతో మొహం ఒత్తుకుంటూ బయటికెళ్ళాడు. పడవ దాటి లంకకెళ్ళి ఆ చెట్టు బొండాం తెచ్చేసరికి సాయంత్రమైంది. వస్తూ వస్తూ, వార్డు గుమ్మం దగ్గరే ఆగి నాకేసి చూశాడు, తేవచ్చా అన్నట్టు. నేనే ఎదురెళ్ళి అందుకున్నాను.

వరండాలో ఆయన చెక్కాడు. నేను మామ్మ తల ఎత్తి నా మోచేతి మీద ఆనించుకున్నాను. ఆయన చెంచాతో పట్టాడు. మొదటి చెంచా నోట్లోనే ఉంచుకుని కళ్ళు మూసుకుంది. రెండోది మింగింది. మూడోదానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నాళ్ళు ఏడ్చిన దాహం, రెండు చెంచాలకే తీరిపోయింది.

"బాగుందామ్మా?" అన్నాడు కొడుకు.

మామ్మ తలూపింది. తర్వాత నా టోపీకేసి, మంచం తలాపిన వేలాడుతున్న చార్టుకేసి చూసింది.

"కొలిసి రాసుకోమ్మాయ్," అంది. "లేపోతే మీ మేడమ్ తిడద్ది."

రాశాను. కొబ్బరినీళ్ళు, రెండు చెంచాలు. ఆ గడిలో ఆ తర్వాత రాయడానికి ఏమీ లేకపోయింది.